వెనకది ఎవరు లెక్కపెట్టారు?

4, మంగళవారం

దొరికింది. నా చేతికే దొరికింది.

5, బుధవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను.  సంతోషంతో కూడా నిద్ర పట్టదని ఇన్నాళ్ళూ తెలీదు.

వేలంలో కొన్న తుక్కుతో పాటు లారీలో వచ్చింది. దింపిన ప్రతి యాక్సిల్‌నీ చూసి, అది ఏ రకమో సుద్దతో దానిమీద రాయడం నా పని. ఈ యార్డు యజమానిని అందరూ తుప్పాయన అంటారు, ఆయనా ఆ పేరుకే పలుకుతాడు. ఆయనకి ఇనుము బరువు తప్ప ఇంకేం పట్టదు, మిగతాదంతా నాకు వదిలేశాడు. వెనక మూత గుండ్రంగా ఉందా కోడిగుడ్డులా ఉందా, దానికి బోల్టులెన్ని, హబ్బు చక్రం మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చిందా లేదా చూస్తే చాలు, అది ఏ బండి కిందిదో ఎంత బరువు మోస్తుందో చెప్పేస్తాను. రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరిగితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో, మాత్రం తిప్పి చూడాల్సిందే. మూత బోల్టుకి ఒక రేకుముక్క వేలాడుతుంది, దానిమీద అంకెలుంటాయి. వాటిని నమ్మినవాడు చెడ్డాడు. రేకుముక్కని ఎవడైనా మార్చొచ్చు, చక్రాన్ని తిప్పి చూడు అనేవాడు నాన్న.

నాలుగో వరసలో బోర్లా పడుంది. ఎడమ గొట్టం మీద వెల్డింగ్ కనబడగానే ఆగిపోయాను. నేను వేసిందే. ముద్దలు ముద్దలుగా ఉంటే చూసి నాన్న 'జలుబు చేసిన ముక్కు' అని ఎక్కిరించాడు. నాన్న మెకానిక్ షెడ్డులో అందరూ నవ్వారు, మా అక్క మొగుడు, బావ, అందరికంటే ఎక్కువ నవ్వాడు.

తిప్పి చూశాను. మూతకున్న పది బోల్టుల మీదా ఎర్ర రంగు చెక్కు చెదరలేదు. రవాణా ఆఫీసువాళ్ళు ఆనాడు వేసిన సీలు అది. అంటే మూడేళ్ళుగా దీన్ని ఎవరూ విప్పలేదు. లోపల గుర్తు ఉన్నది ఉన్నట్టే ఉంది.

బావా, అయిపోయావు.

6, గురువారం

తుప్పాయన అడిగాడు, అది కరగడానికి పంపాలా అని. నాకు కావాలన్నాను. ఎందుకన్నాడు. అచ్చొచ్చిన యాక్సిల్ అన్నాను. ఆయన నా మొహం చూసి, నీ నవ్వు చూస్తే భయమేస్తోంది అమ్మాయ్ అన్నాడు. గోనెపట్టా కప్పి రేకుల షెడ్డు వెనక దాచాను. మధ్యాహ్నం రెండుసార్లు వెళ్ళి పట్టా ఎత్తి చూసుకున్నాను.

7, శుక్రవారం

తలుచుకుంటే కడుపు మండిపోతుంది. అయినా ఒకసారి వరసగా రాసి పెట్టుకోవాలి. రేపు నలుగురి ముందూ చెప్పాల్సి వస్తే మాట తడబడకూడదు.

గనికి మనుషుల్ని తీసుకెళ్ళే జీపు. వెనక యాక్సిల్ విరిగి నాన్న షెడ్డుకి వచ్చింది. పాతది ఒకటి తెచ్చి వెయ్యాలి. నాలుగు చక్రాలూ లాగే బండికి ముందు రేషియో ఎంతో వెనకా అంతే ఉండాలి. తేడా ఉంటే మామూలు రోడ్డు మీద తెలియదు, రెండు చక్రాలతోనే పోతుంది కాబట్టి. కొండ మీద నాలుగూ కలిపినప్పుడే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరుగుతామని పెనుగులాడతాయి. ఆ పెనుగులాటలో మధ్యలో ఉన్న గేరుపెట్టె పగులుతుంది.

ముందుది నేను లెక్కపెట్టాను. షాఫ్టు మీద సుద్దగీత, టైరు మీద సుద్దగీత. చక్రాలు ఒక చుట్టుకి షాఫ్టు నాలుగు చుట్లూ కాస్త చిల్లరా. లోపల పెద్ద పళ్ళచక్రం, క్రౌన్‌కి, నలభై ఒక్క పళ్ళు, చిన్నది, పినియన్‌కి, పది. వెనకది బావ పని. నేను బేరింగుల కోసం వెళ్ళేటప్పుడు వాడు దాని కిందే పడుకుని ఉన్నాడు, నా కళ్ళతో చూశాను. తిరిగొచ్చేసరికి మూత కూడా బిగించేసి ఉంది.

వెనక దాంట్లో చిన్న చక్రానికి పదకొండు పళ్ళున్నాయి. ఒక్క పన్ను తేడా. తడి కొండ దిగుతూ డ్రైవరు నాలుగు చక్రాలూ కలిపాడు. గేరుపెట్టె పగిలి బండి పల్టీ కొట్టింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు, డ్రైవరు కుడిపాదం నుజ్జయింది.

ఆఫీసువాళ్ళు వచ్చి రెండూ తిప్పి చూసి, మూతకి సీలు వేసి, బాధ్యులెవరని అడిగారు. షెడ్డులో అందరి ముందూ నాన్న అడిగాడు: "వెనకది ఎవరు లెక్కపెట్టారు?"

బావ నా పేరు చెప్పాడు.

నేను కాదన్నాను. అరిచాను, ఏడ్చాను. ఆడపిల్లకి క్రౌన్ పినియన్ అప్పజెబితే ఇంతే అని ఎవరో వెనకనుంచి అన్నారు. నాన్న నన్ను ఇంటికి వెళ్ళమన్నాడు. ఆ తర్వాత షెడ్డులో అడుగుపెట్టనివ్వలేదు. పోయినేడు పోయాడు. ఆఖరి రోజుల్లో నేను మంచం పక్కన కూర్చుంటే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. నాన్న నన్ను అసహ్యించుకుంటూ పోయాడు, దానికి కారణం వాడు. కాలు పోయింది డ్రైవరుది, నాన్న పోయింది నాకు. వాడికి మాత్రం షెడ్డు వచ్చింది.

8, శనివారం

అసలు సంగతి రాయడం మర్చిపోయాను. గుర్తు.

మూత విప్పితే లోపల బేరింగుల్ని పట్టి ఉంచే రెండు ఇనుప కేపులుంటాయి. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేస్తే పనికిరాదు. అందుకని విప్పే ముందు గుర్తు కొట్టుకుంటారు. నాన్న షెడ్డులో ఇంకో కట్టుబాటు ఉండేది. ఎవరు లెక్కపెట్టి ఇది సరిపోతుందని ఒప్పుకుంటారో, వాళ్ళే లోపల సర్ది ఆ కేపుల మీద తమ గుర్తు కొట్టాలి. నాది కూడిక గుర్తు. బావది ఉలిగాటు, అడ్డంగా ఒకటి. నాన్నది వరసగా మూడు చుక్కలు. ఆ షెడ్డులో పని నేర్చుకున్న ప్రతివాడికీ ఈ గుర్తులు కంఠతా వచ్చు.

అప్పుడే విప్పి చూడండని ఎంత మొత్తుకున్నానో. నాన్న వద్దన్నాడు. ఇంటి పరువు ఇప్పటికే పోయింది చాలన్నాడు. తప్పు మా షెడ్డుదేనని కాగితం మీద రాసిచ్చాక ఆఫీసువాళ్ళకీ విప్పాల్సిన పని లేకపోయింది.

9, ఆదివారం

అక్కకి ఫోన్ చేశాను. చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఊరుకోలేదు.

11, మంగళవారం

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటే ఇదే. మెకానిక్‌ల సంఘం వాళ్ళు కొత్తగా శిక్షణ షెడ్డు కట్టారు. దానికి నాన్న పేరు పెడుతున్నారు. వచ్చే ఆదివారం తెరుస్తారు. పెద్ద మేష్టారు ఎవరో చెప్పక్కర్లేదు, మా బావగారే. ఆ రోజు అందరి ముందూ ఒక యాక్సిల్ విప్పి చూపిస్తారట, దానికి ఒకటి పంపమని యార్డుకి కబురొచ్చింది.

ఏది పంపమంటావు అని తుప్పాయన నన్నే అడిగాడు. అడిగి, పట్టా కప్పిన వైపు చూశాడు. ఏమీ తెలియనట్టుండే ముసలాయనకి అన్నీ తెలుసు.

12, బుధవారం

అక్క వచ్చింది, యార్డుకే. ఇనుము మధ్య చీర అంచు ఎత్తి పట్టుకుని నడుస్తూ, నాతో మాట్లాడకుండా ముందు పట్టా ఎక్కడుందో వెతికింది. నేను చూపించలేదు. దాన్ని విప్పొద్దని బతిమాలింది. చిన్నప్పుడు నా జడ వేసిన చేతులతో నా గడ్డం పట్టుకుని బతిమాలింది. నాకు ఎంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మొగుడు చెయ్యకపోతే ఈమెకెందుకు ఇంత భయం?

ఆ యాక్సిల్ బిగించిన రోజు మధ్యాహ్నం మీ బావ నాతో ఆసుపత్రిలో ఉన్నాడు అంది. నీకు కడుపు పోయిన రోజు అదేనా అన్నాను. అవునంది. మూడేళ్ళూ చెప్పని మాట ఇవాళ గుర్తొచ్చిందా అని అడిగాను.  పిల్లికి ఎలుక సాక్ష్యం. మొగుడి కోసం ఎంతకైనా తెగిస్తుంది, పోయిన బిడ్డని కూడా సాక్ష్యానికి లాక్కొస్తుంది.

వెళ్ళేటప్పుడు ఏడ్చింది. నేను సుద్దముక్క తీసుకుని పనిలో పడ్డాను.

13

నిద్ర లేచినప్పటినుంచీ ఆసుపత్రి మాటే. వాడు యాక్సిల్ కింద పడుకుని ఉండగా నా కళ్ళతో చూశాను. పొద్దున చూశాను. మధ్యాహ్నం సంగతి నాకు తెలీదు, అయితే ఏం? తెలియక్కర్లేదు.

14, శుక్రవారం

వాడే వచ్చాడు. మూడేళ్ళ తర్వాత ఎదురుగా నిలబడి చూస్తే జుట్టు సగం తెల్లబడింది. బాగా అయిందనుకున్నాను. టీ తెప్పిస్తానంది ఎవరు, నేనే. అలవాటు అంత తొందరగా చావదు. వద్దన్నాడు.

దాన్ని కరగడానికి పంపెయ్యి అన్నాడు. బదులుగా కావాలంటే శిక్షణ షెడ్డులో మేష్టారి పని నాకే వదిలేస్తానన్నాడు. నేను నవ్వాను. లంచమా బావా అన్నాను. వాడు ఒకే మాట అన్నాడు.

"నామీదున్న కోపం నామీదే ఉంచుకో చిన్నమ్మాయ్. దాన్ని విప్పకు."

దొంగకి తేలు కుట్టినట్టు వెళ్ళిపోయాడు. ఆ మొహం గుర్తు తెచ్చుకుంటూ సాయంత్రం దాకా పని చేశాను. ఇంత హుషారుగా పని చేసి ఎన్నాళ్ళయిందో.

15, శనివారం

రేపే. స్పానర్లూ రెంచీలూ తుడిచి పెట్టుకున్నాను. ఉతికిన బట్టలు.

నాన్నా, రేపు నీ పేరు మీద కట్టిన చోటే తేలుతుంది. నువ్వు చూస్తే బాగుండేది. చూడటమంటే గుర్తొచ్చింది, నీ పద్ధతే వేరు. అందరూ కళ్ళతో చూస్తే నువ్వు వేళ్ళతో చూసేవాడివి. గేరు పంటి మీద బొటనవేలు పెట్టి అరిగిందో లేదో చెప్పేవాడివి. చివర్లో రేకుముక్క మీద అంకెలు కూడా నాచేత చదివించేవాడివి, నాకు అలవాటు కావాలని. బేరింగు పెట్టెల మీద అక్షరాలు కూడా. ఎంత ఓపిక నీకు.

ఆ రోజు అందరి ముందూ అడుగుతూ నువ్వు నా వైపే చూశావు. పాపం, నేను ఏదైనా చెప్పి బావ నోరు మూయిస్తానని ఆశపడి ఉంటావు. నేను చెప్పలేకపోయాను. రేపు చెబుతాను.

16, ఆదివారం

విప్పాను.

18, మంగళవారం

రాయాలి. ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడైనా.

జనం బాగానే వచ్చారు. నాన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళంతా ఉన్నారు. డ్రైవరు కర్ర పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. గోడ మీద నాన్న ఫోటో, దానికింద పెద్ద అక్షరాలతో ఆయన మాట: లెక్కపెట్టకుండా బిగించకు.

యాక్సిల్‌ని బల్ల మీదకి ఎక్కించాక బావ దాన్ని గుర్తుపట్టాడు. అక్క లేచి నిలబడింది. నేను ముందుకెళ్ళి ఇది నేను విప్పుతానన్నాను. ఇది ఏ బండిదో, ఎర్ర సీలు ఎవరు వేశారో చెప్పాను. మూడేళ్ళ కింద నా మెడకి కట్టిన తప్పు ఎవరిదో లోపల రాసి ఉంది, అందరూ చూడండి అన్నాను. మాట తడబడలేదు. సంఘం పెద్ద ఆపబోతే డ్రైవరు కర్రతో నేలని కొట్టి, విప్పనివ్వండి అన్నాడు.

విప్పేముందు పద్ధతి ప్రకారం లెక్క చూపించాను, ఒక చక్రాన్ని కదలకుండా ఉంచి ఇంకోదాన్ని రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో. నాలుగు చుట్లూ చిల్లర వచ్చింది. అందరూ గొణిగారు. పదకొండు పళ్ళకి మూడుముప్పావు రావాలి కదా. అప్పుడు చూశాను. రెండో చక్రం కదలకుండా చెక్క అడ్డం పెట్టలేదు, ఒక చక్రం తిప్పుతుంటే రెండోది కూడా నెమ్మదిగా జరుగుతోంది. అది జరిగితే లెక్క పెరుగుతుంది. కళ్ళున్నవాడికి వెంటనే తెలుస్తుంది. చెక్క పెట్టి మళ్ళీ తిప్పాను, మూడుముప్పావు వచ్చింది. అప్పుడే నాకు అనుమానం తగిలింది. పదిహేనేళ్ళు ఆ పని చేసిన బావ చెక్క పెట్టడం మర్చిపోడు. రెండో చక్రం జరుగుతోందని చూడలేనివాడే మోసపోతాడు.

ఆగొచ్చు. ఆగలేదు. పది బోల్టులూ తీశాను. నల్లటి నూనె కారింది. బావ వచ్చి పళ్ళెం పట్టాడు, నేల పాడవుతుందని. పెద్ద చక్రం అంచు మీద నలభై ఒకటి కనిపించింది, పక్క అంకె అరిగిపోయింది. ఆ నలభై ఒకటి రెండు రకాలకీ ఒకటే. గుడ్డ పెట్టి కేపు తుడిచాను.

మూడు చుక్కలు.

తుడిచిన గుడ్డతో మళ్ళీ తుడిచాను. మూడే. వరసగా ఉండాల్సినవి వంకరగా ఉన్నాయి, ఒకటి అంచు దాటి పక్కకి పోయింది. ఎక్కడ కొడుతున్నాడో కనబడకుండా కొట్టిన చుక్కలు. నా బొటనవేలు దానంతటదే వెళ్ళి వాటి మీద పడింది.

"ఎవరిదమ్మా గుర్తు?" అన్నాడు సంఘం పెద్ద.

ఫోటో నా ఎదురుగానే ఉంది. బావ మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెం పట్టుకుని నా వేలి వైపే చూస్తున్నాడు. నా వేలి కింద ఏముందో వాడికి తెలుసు, మూడేళ్ళుగా తెలుసు. వాడి కళ్ళు ఒకటే అడుగుతున్నాయి, వేలు తియ్యొద్దని. నాన్న పేరు నిలబెట్టడానికి ఆనాడు నన్ను తోసేశాడు. అదే పని ఇప్పుడు నా చేతిలో ఉంది.

"బావది" అన్నాను.

బావ పళ్ళెం కింద పెట్టి లేచాడు. "అవును, నాదే" అన్నాడు. ఎవరైనా దగ్గరికొచ్చి చూసేలోగా మూత తీసుకుని బిగించడం మొదలుపెట్టాడు. చేతులు నిలకడగా ఉన్నాయి. 

డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. మూడేళ్ళు నిన్ను తిట్టని రోజు లేదమ్మా, మన్నించు అన్నాడు. ఈ మాట ఆయన నోట వినాలని ఎన్నిసార్లు కలలు కన్నానో. ఫర్వాలేదు లెండి అన్నాను. వెనక బావని ఎవరో కాలర్ పట్టుకున్నారు. నేను తిరిగి చూడలేదు. చప్పుడు విన్నాను.

19

అక్క మెసేజ్ పెట్టింది. 'చల్లబడ్డావా?'

జవాబివ్వలేదు. చల్లబడ్డాను. ఎందుకు పడను? నామీద మచ్చ పోయింది.

22, శనివారం

బావ నాన్న షెడ్డు మూసేశాడు. బళ్ళు రావడం మానేశాయట. శిక్షణ షెడ్డులో మేష్టారి పని నాకిచ్చారు. సోమవారం నుంచి.

జాలి పడాలేమో. పడను. నాన్న కోసమే అయితే తప్పు తనమీద వేసుకోవచ్చుగా? నన్నెందుకు తోశాడు? మూడేళ్ళు నేను మోశాను. ముందెంతో వెనకా అంతే ఉండాలి. మూడేళ్ళు మొయ్యనీ, తర్వాత ఆలోచిస్తాను.

24, సోమవారం

మొదటిరోజు. ఫోటో కింద నిలబడి చెప్పాను. రెండో చక్రానికి చెక్క పెట్టకుండా తిప్పొద్దని పదిసార్లు చెప్పి ఉంటాను. ఒకడు నవ్వాడు.

26, బుధవారం

బావ వచ్చాడు. శిక్షణ షెడ్డుకి, అందరూ వెళ్ళిపోయాక. పెదవి మీద దెబ్బ ఇంకా మానలేదు. యాక్సిల్ మళ్ళీ యార్డుకే చేరిందని వాడికి తెలుసు, దాని కేపులు ఏం చేశావని అడిగాడు. కరగడానికి పంపేశానన్నాను. మంచి పని చేశావన్నాడు, వెనక్కి తిరిగాడు.

అడగకుండా ఉండాల్సింది. నన్నెందుకు తోశావు, నీమీద వేసుకుంటే నీ సొమ్మేం పోయేదన్నాను. నీకు షెడ్డు కావాలి, అంతేగా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అంతా అయ్యేదాకా విన్నాడు.

"నీ పేరు నేను చెప్పలేదు చిన్నమ్మాయ్. సరిగ్గా గుర్తు తెచ్చుకో. మావయ్య నీ వైపు చూసి, వెనకది ఎవరు లెక్కపెట్టారు, చిన్నమ్మాయి కాదూ అన్నాడు. నేను ఆఁ అన్నాను. అదొక్కటే నా తప్పు."

"నాన్నకి గుర్తులేక అడిగాడు."

"అలాగే అనుకో" అన్నాడు. అని, "ఆ చుక్కలు కొట్టి అప్పటికి వారమైనా కాలేదు" అన్నాడు.

వెళ్ళిపోయాడు.

27

చిన్నమ్మాయి కాదూ.

అన్నాడు. అవును, అన్నాడు. నాకు వినబడింది. ఆ రోజే వినబడింది.

గోడవైపు తిరిగింది అసహ్యంతో కాదు.

30, ఆదివారం

ఫోటో దుమ్ము పట్టింది, తుడవండని పిల్లలకి చెప్పాను. నేను తుడవలేదు. రోజూ దానికిందే నిలబడి ఆయన మాటే చెబుతున్నాను: లెక్కపెట్టకుండా బిగించకు. గొంతు బాగానే వస్తోంది.

కేపులు కరగడానికి పంపలేదు. బావకి అబద్ధం చెప్పాను. యాక్సిల్ యార్డుకి తిరిగొచ్చిన రాత్రే మూత మళ్ళీ విప్పి తీశాను, రెండూ నా పెట్టెలో, బట్టల కింద ఉన్నాయి. ఇవాళ తీసి కిరసనాయిలుతో శుభ్రంగా కడిగాను, చుక్కలు స్పష్టంగా కనబడేలా. ఆ షెడ్డులో పని నేర్చుకున్న ఎవరికి చూపించినా చాలు.

అక్కకి ఇవాళ జవాబు పెట్టాను. ఇంకా చల్లబడలేదని.